క్రూయిజ్‌లో బయటి వ్యానుకు పోయి లేటైతే షిప్ ఆగుతుందా? కడప నుంచి 11 మందిమి

దేవునికడప_ప్రయాణం

అందరికీ నమస్తే. వచ్చే నెల సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. రెండో రోజు పోర్ట్ క్లాంగ్, మూడో రోజు పెనాంగ్, నాలుగో రోజు ఫుకెట్, ఐదో రోజంతా సముద్రంలోనే, ఆరో రోజు పొద్దున్నే మళ్లీ సింగపూర్. మొత్తం 11 మంది. పెద్దోళ్లు నలుగురు (ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి ఇన్సులిన్), పిల్లలు ముగ్గురు.

షిప్ వాళ్లు అమ్మే టూరు తలకు దాదాపు ఏడు వేలు పడుతోంది. ఇక్కడి ట్రావెల్స్ ఆయన మాత్రం, అక్కడ తెలిసినోళ్ల వ్యాను మాట్లాడిస్తా, తలకు రెండున్నర వేలు చాలు, పోర్ట్ క్లాంగ్‌లో దిగి కౌలాలంపూర్ పోయి బటు గుహలు (గుహల్లో మురుగన్ గుడి), పెట్రోనాస్ జంట టవర్లు, మధ్యాహ్నం మన భోజనం అన్నీ అందులోనే అంటున్నాడు. లేటైతే ఎట్లా అంటే "పదకొండు మందిని వదిలేసి యాడికి పోతాది సార్, ఆగుతాది" అని నవ్వుతున్నాడు. మా మామకు ఆ నవ్వు నచ్చలేదు.

నిజంగా ఆగుతుందా? ఆగకపోతే పాస్‌పోర్టు, సామాన్లు, తిరుగు ప్రయాణం సంగతేంటి? తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

---

గుంతకల్లు_జంక్షన్

ఆగదు. మీ ట్రావెల్స్ ఆయన షిప్పును అహోబిలం యాత్ర బస్సు అనుకుంటున్నాడు. యాత్ర బస్సైతే తలకాయలు లెక్కపెట్టుకుని, రానోళ్ల కోసం హారన్ కొట్టి, క్లీనర్‌ను కొండ మీదికి పంపి మరీ ఆగుతుంది. షిప్ గుంతకల్లులో ఆగిన రైలు లాంటిది. మీరు ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ కట్టించుకుంటున్నా సిగ్నల్ పడితే కదులుతుంది.

కారణాలు గట్టివే. రేవు నుంచి షిప్పును బయటికి నడిపించే పైలట్‌ను, టగ్ బోట్లను ఫలానా టైముకని ముందే బుక్ చేసి ఉంటారు. ఆ బెర్తుకు, అంటే షిప్ కట్టే చోటుకు, ఇంకో షిప్ వస్తూ ఉండొచ్చు. కొన్ని రేవుల్లో నీటి పోటు తగ్గేలోపు బయటపడాలి. వీటన్నిటికంటే పెద్దది డీజిల్ లెక్క. తర్వాతి రేవు 216 నాటికల్ మైళ్లు అనుకుందాం. 18 నాట్ల (గంటకు 18 నాటికల్ మైళ్ల) వేగంతో 12 గంటలు. గంట లేటుగా బయల్దేరి అదే టైముకు చేరాలంటే 19.6 నాట్లతో పోవాలి. ఇంజన్ శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే అక్కడ దాదాపు 30 శాతం ఎక్కువ శక్తి కావాలి. గంట తక్కువ నడిచినా మొత్తం మీద 19 శాతం దాకా అదనపు ఇంధనం. పదకొండు మంది కోసం ఏ కెప్టెనూ ఆ ఖర్చు నెత్తిన వేసుకోడు.

షిప్ వాళ్ల దగ్గరే కొన్న టూరు బస్సు లేటైతే కథ వేరు. ఆ బస్సు ఎక్కడుందో వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. మామూలుగా ఆగుతారు. ఆగలేని పరిస్థితి వస్తే హోటలు పెట్టి, తర్వాతి రేవుకు టికెట్లు తీసి, వాళ్ల ఖర్చుతోనే చేరుస్తారు. ఆ ఏడు వేలలో కొంత ఈ హామీకి కట్టే డబ్బే. ఒక మెలిక ఉంది. టూరు బస్సు మార్కెట్ దగ్గర గంట ఆపితే, మీరు గంటన్నరకు వస్తే బస్సు వెళ్లిపోతుంది, ఆ తర్వాత హామీ లేదు. ఊళ్లో దింపి మళ్లీ తీసుకురావడానికి మాత్రమే షిప్ వాళ్లు అమ్మే షటిల్ బస్సు కూడా అంతే. చివరి షటిల్ తప్పితే మీ తిప్పలు మీవే.

బయటి టూరులో ఇరుక్కున్నోళ్ల సంగతి చూడాలంటే 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే ద్వీపంలో జరిగింది చాలు. ప్రైవేటు టూరుకు పోయిన 8 మంది లేటుగా వచ్చారు. నార్వీజియన్ డాన్ షిప్ ఇంకా లంగరు మీదే కళ్లెదుట ఉంది. అక్కడి కోస్ట్‌గార్డ్ పడవలో దగ్గరిదాకా తీసుకుపోయినా ఎక్కించుకోలేదు. పాస్‌పోర్టులు ఏజెంటు దగ్గర వదిలి వెళ్లారు. తర్వాతి రేవు గాంబియాకు వీళ్లు తంటాలు పడి చేరితే, పోటు సరిపడక షిప్పే అక్కడ ఆగలేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో ఎక్కారు. "తర్వాతి రేవులో ఎక్కేస్తాంలే" అనేది కూడా ఖాయం కాదని దీని అర్థం.

---

రేవు_లెక్కలు

పై అన్న చెప్పింది సరే. కానీ మూడు రేవులనూ ఒకే గాటన కట్టొద్దు. మీ రూటులో పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, ఫుకెట్ మూడూ మూడు రకాలు.

ముందు టైము. షిప్ వాళ్లు గదికి పంపే ఆ రోజు కాగితంలో రెండు టైములుంటాయి: షిప్ కదిలేది, అందరూ లోపల ఉండాల్సింది. రెండోదే మీకు కావాల్సింది. అది మొదటిదానికి కనీసం అరగంట ముందు ఉంటుంది, కొన్నిసార్లు గంట ముందు.

పోర్ట్ క్లాంగ్ క్రూయిజ్ టెర్మినల్ పులావ్ ఇందా అనే దీవి మీద ఉంది. కౌలాలంపూర్‌కు 65-70 కిలోమీటర్లు, మనకు కర్నూలు నుంచి నంద్యాల అనుకోండి. మ్యాపులో ఊరికే "పోర్ట్ క్లాంగ్" అని కొడితే ఊళ్లోని రైల్వే స్టేషన్ వైపు, ఫెర్రీ జెట్టీ వైపు తీసుకుపోవచ్చు. అది వేరే చోటు. తిరుగుదారిలో ఈ పొరపాటు జరిగితే అరగంటకు పైనే పోతుంది. దిగగానే టెర్మినల్ బయట నిలబడి ఫోనులో లొకేషన్ పిన్ పెట్టుకుని డ్రైవరుకు పంపండి.

షిప్ 8 గంటలకు కట్టి, 4:30కు అందరూ లోపలుండాలి అనుకుని లెక్క వేద్దాం. షిప్ టూరోళ్లను ముందు దింపుతారు. 11 మంది మీరు బయటపడి వ్యాను ఎక్కేసరికి 9:15. బటు గుహలకు 10:45. అక్కడ 272 మెట్లు, నిటారుగా ఉంటాయి, పైన కోతులు. ఎక్కి దిగి ఫోటోలకు గంటంబావు, అంటే 12. మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లను కిందే మురుగన్ విగ్రహం దగ్గర కూర్చోబెట్టండి. 140 అడుగుల విగ్రహం, కింది నుంచి చూస్తేనే బాగుంటుంది. భోజనం అక్కడే కొండ కింద ఉన్న శాకాహార హోటళ్లలో ముగించండి, 12:45. జంట టవర్ల దగ్గరికి 1:20, బయటి నుంచే ఫోటో, 1:40కి బయల్దేరితే 3:10కి టెర్మినల్. చేతిలో గంటా ఇరవై నిమిషాలు మిగులుతుంది. ఎక్కువ అనిపిస్తుంది కదా. కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం వాన పడితే అందులో ముప్పావు గంట ఇట్టే పోతుంది.

ఈ లెక్కలో టవర్ పైకి ఎక్కడం లేదు. చాక్లెట్ షాపు లేదు. డ్రైవరు "పది నిమిషాలు సార్, ఫ్రీ ఎంట్రీ" అని ఆపే చాక్లెట్ షాపు, బాటిక్ షాపు అతని కమిషన్ కోసం. 11 మంది దిగి ఎక్కడానికే పది నిమిషాలు చాలవు. వ్యాను మాట్లాడేటప్పుడే షాపులు వద్దని, 1:40కి బయల్దేరాలని వాట్సాప్‌లో రాయించుకోండి.

పెనాంగ్‌లో భయం అక్కర్లేదు. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. కోట పక్కనే, లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడి నడిచిపోయే దూరం. అక్కడ షిప్ టూరు కొనడం డబ్బు దండగ. పెనాంగ్ హిల్ రైలు క్యూ ఒక్కటే గంటలు తినేస్తుంది. అది పెట్టుకుంటే పొద్దున్నే మొదట అదే చేయండి.

ఫుకెట్ దగ్గరే జాగ్రత్త. రెండు ఉచ్చులున్నాయి అక్కడ.

ఒకటి గడియారం. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. షిప్ గడియారం మార్చకుండా సింగపూర్ టైములోనే ఉంటే, ఒడ్డు దిగగానే మీ ఫోను మాత్రం తనంతట తానే థాయ్ టైముకు మారిపోతుంది. ఫోనులో 3:45 చూసి ఇంకా ముప్పావు గంట ఉందిలే అని మీరు కొబ్బరి బోండాం తాగుతుంటే, షిప్‌లో 4:45 అయి ఉంటుంది. కొన్ని షిప్పులు మారుస్తాయి, కొన్ని మార్చవు, ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో రాస్తారు. ఫోను సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేసి షిప్ టైము చేత్తో పెట్టండి. పెద్దోళ్ల చేతికి ముళ్ల గడియారం ఉంటే ఇంకా మంచిది, అది ఎవరి మాటా విని మారదు.

రెండోది టెండర్ బోటు. ఫుకెట్‌లోని పటాంగ్ బీచ్ దగ్గరైతే షిప్ దూరంగా లంగరు వేసి, చిన్న బోట్లలో 20-30 నిమిషాలు మోసుకొస్తుంది. కాబట్టి మీకు గడువు చివరి టెండర్ టైము. చివరి గంటలో క్యూ చాంతాడంత ఉంటుంది, అందరికీ అదే ఆలోచన వస్తుంది కాబట్టి. ఫాంగ్ న్గా బే, ఫీఫీ దీవులు అంటే మళ్లీ ఇంకో బోటు, సముద్రం పొంగితే అదీ లేటు. మే నుంచి అక్టోబరు దాకా ఆ వైపు అలలు ఎక్కువ. ఫుకెట్‌లో దూరం పోవాలంటే షిప్ టూరే కొనండి. లేదంటే పటాంగ్ దాటొద్దు.

---

దేవునికడప_ప్రయాణం

గడియారం సంగతి అసలు మాకు తట్టనే లేదు. సరే, ఎంత చేసినా టైరు పేలి లేటైంది అనుకుందాం. పాస్‌పోర్టు షిప్‌లోనే ఉంటుందంటున్నారు కదా, అప్పుడు ఏం చేయాలి? మెట్టు మెట్టుగా చెప్పగలరా?

---

అనంత_సముద్రం

ముందురోజు రాత్రే మొదలవుతుంది పని.

గదికి వచ్చే ఆ రోజు కాగితంలో మూలన "పోర్ట్ ఏజెంట్" అని ఒక పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఎవరూ చదవరు. దాన్ని 11 ఫోన్లలోనూ ఫోటో తీసి పెట్టుకోండి. షిప్ ఒడ్డున లేనప్పుడు అక్కడ దాని తరఫు మనిషి అతనే.

పాస్‌పోర్టులను కొన్ని షిప్పులు ఎక్కగానే తీసుకుని దాచుకుంటాయి. మీ దగ్గరే ఉంచితే, ఆ రేవులో తెమ్మన్నారో గదిలో వదలమన్నారో కాగితంలో చూడండి. గదిలో వదిలితే గది లాకర్‌లోనే పెట్టాలి. కారణం ఇదీ: గేటు దగ్గర ప్రతి కార్డూ స్కాన్ అవుతుంది, "టింగ్" అని మోగి తెర మీద మీ ఫోటో వస్తుంది. గడువు దాటగానే లోపలికి రానివాళ్ల జాబితా తీస్తారు. మైకులో పేర్లు పిలుస్తారు, గదికి ఫోను చేస్తారు. పలక్కపోతే సెక్యూరిటీ వాళ్లు గది తెరిచి, లాకర్ తెరిచి పాస్‌పోర్టులు తీసి ఒడ్డున ఏజెంటుకు ఇచ్చి పోతారు. అప్పటికి పది, పదిహేను నిమిషాలే ఉంటాయి. మీ పాస్‌పోర్టు సూట్‌కేసులో పట్టుచీరల మడతలో ఉంటే ఎవరూ వెతకరు. కాబట్టి జిప్పున్న ఒక పౌచ్‌లో పాస్‌పోర్టు, డాక్టరు చీటీ, నాలుగు రోజుల మాత్రలు పెట్టి లాకర్‌లో ముందు వైపు ఉంచండి. ప్రతి గదికీ ఒక పౌచ్.

ఇన్సులిన్ గది ఫ్రిజ్‌లో ఉంటే దాన్నీ ఎవరూ తీయరు. రెండు రోజులకు సరిపడా చల్లని పౌచ్‌లో వెంట తీసుకుపోవాలి. మీతో ఉండాల్సిన మిగతావి: పాస్‌పోర్టు జిరాక్స్, వీసా ప్రింటు, ఫారెక్స్ కార్డు, మొత్తం మీద రెండు మూడు వందల డాలర్ల నగదు, పవర్ బ్యాంకు, పనిచేసే రోమింగ్.

ఇక దారిలో ఇరుక్కున్నారు. గడువుకు ముప్పావు గంట ముందు లోపల ఉండలేమని తేలిన క్షణమే ఏజెంటుకు ఫోను చేయండి. టెర్మినల్ చేరాక చేస్తే ఉపయోగం లేదు. నాలుగు ముక్కలు చాలు: ఎంతమంది, గది నంబర్లు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఎన్ని నిమిషాల్లో చేరతారు. మాట ఇవ్వరు. కానీ మెట్లు తీసేముందు ఐదు నిమిషాలు చూడాలా వద్దా అని కెప్టెన్ తేల్చుకునేటప్పుడు, వ్యాను టోల్‌గేటు దాటిందన్న కబురుకు విలువ ఉంటుంది. పైగా పాస్‌పోర్టులు తప్పకుండా దింపాలని వాళ్లకు గుర్తుంటుంది.

వ్యాను రెండైతే ముందొచ్చిన వాళ్లు ఎక్కేయండి. మనవాళ్లు ఒకరికోసం అందరూ ఆగిపోతారు, ఇక్కడ అది పనికిరాదు. ఎక్కినోళ్లు నేరుగా గెస్ట్ సర్వీసెస్‌కు పోయి మిగిలినోళ్ల గదులు చెప్పి, ఇన్సులిన్ కిందికి పంపమని అడగొచ్చు. పిల్లల వెంట మాత్రం పెద్దోళ్లు ఒకరు ఎటు తిరిగీ ఉండాలి.

షిప్ తాళ్లు విప్పేసిందంటే ఇక ఎక్కనివ్వరు. బోటు మాట్లాడుకుని వెంటపడతామనే ఆలోచన అస్సలు వద్దు. పైలట్ ఎక్కే తాడు నిచ్చెన ప్రయాణికులకు కాదు. నేరుగా ఏజెంటును కలిసి పాస్‌పోర్టులు తీసుకోండి. తర్వాత రెండు పనులు అతనితోనే చేయించాలి. ఒకటి, ఇమిగ్రేషన్. క్రూయిజ్‌లో దిగినప్పుడు చాలాచోట్ల పాస్‌పోర్టులో మామూలు ముద్ర పడదు, షిప్‌తోనే పోతారన్న లెక్కలో వదులుతారు. ఆ ముద్ర సరిచేయించుకోకుండా విమానాశ్రయానికి పోతే అక్కడ ఆపుతారు. రెండోది, మీరు ఫలానా రేవులో మళ్లీ ఎక్కుతారని షిప్‌కు రాతపూర్వకంగా చెప్పించి ఒప్పుకోలు తెప్పించడం. అది లేకపోతే పెనాంగ్‌లో గేటు దగ్గర నిలబడి చేయి ఊపుకోవడమే.

పోర్ట్ క్లాంగ్‌లో తప్పితే మీ అదృష్టం, తర్వాతి రేవు కూడా మలేషియాలోనే. 11 మంది అయితే ఆ వ్యానునే ఇంకో డ్రైవరుతో మాట్లాడుకుని రాత్రికి రాత్రి పెనాంగ్ పోవడం సులువు, ఐదు గంటల దారి. లేకపోతే కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి పెనాంగ్ దీవికి ఎదురొడ్డున ఉన్న బటర్‌వర్త్‌కు ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు, నాలుగు గంటల పైన. రైలు టికెట్లు అప్పటికప్పుడు దొరకవు చాలాసార్లు, అప్పుడు రాత్రి బస్సు. బటర్‌వర్త్ నుంచి ఫెర్రీ ఎక్కితే జార్జ్‌టౌన్‌లో స్వెటెన్‌హామ్ పియర్ దగ్గర్లోనే దిగుతారు.

పెనాంగ్‌లో తప్పితే ఫుకెట్‌కు విమానం, నేరుగా దొరక్కపోతే కౌలాలంపూర్ మీదుగా. థాయ్‌లాండ్‌కు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, ఆనాటికి వీసా రూలు ఏముందో చూసుకోవాలి. ఫుకెట్‌లో తప్పితే మళ్లీ ఎక్కేది లేదు, మధ్యలో రేవే లేదు కదా. విమానంలో సింగపూర్ చేరి, షిప్ వచ్చాక సామాన్లు తీసుకోవడమే. విమానం దాదాపు రెండు గంటలే.

ఇక్కడ సింగపూర్ వీసా ముఖ్యం. క్రూయిజ్‌కు బయటికి పోయి రావడం అంటే రెండోసారి ప్రవేశం. మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో 11 వీసాలూ ఇప్పుడే విప్పి చూడండి. షిప్‌లో వస్తామని నింపిన సింగపూర్ అరైవల్ కార్డు విమానానికి పనికిరాదు, మళ్లీ నింపాలి. మలేషియాకు మనవాళ్లకు 2026 డిసెంబర్ 31 దాకా వీసా అక్కర్లేదు, కానీ వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి.

పాస్‌పోర్టు షిప్‌తోనే పోయిందనుకోండి, ఆఖరి మెట్టు మన రాయబార కార్యాలయం. కౌలాలంపూర్‌లో హైకమిషన్, థాయ్‌లాండ్ అయితే బ్యాంకాక్‌లో ఎంబసీ. వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు రావడానికి మాత్రమే. దాంతో పెనాంగ్‌లో షిప్ ఎక్కి ఫుకెట్ చూసి రావడం కుదరదు. అందుకే అందరికంటే ముందు ఏజెంటు.

---

కొండారెడ్డి_బురుజు

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు. మనవాళ్లు తీసుకునే విదేశీ ప్రయాణ పాలసీల్లో "మిస్డ్ కనెక్షన్" అని చూసి మురిసిపోతారు. అది చాలా పాలసీల్లో విమానం లేటై ఇంకో విమానం తప్పితే ఇచ్చేది. మధ్య రేవులో షిప్ తప్పితే వర్తిస్తుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫోనులో ఏజెంటు "అన్నీ కవర్ అవుతాయి సార్" అంటే దానికి విలువ లేదు.

వర్తించే పాలసీ అయినా ఊరికే లేటైందంటే ఇవ్వరు. వ్యాను చెడిపోతే మెకానిక్ రసీదు, యాక్సిడెంట్ అయితే పోలీసు కాగితం, రోడ్డు మూసేస్తే టూరు వాళ్ల లెటర్‌హెడ్ మీద టైము వేసిన ఉత్తరం, వీటితోపాటు ఏజెంటు నుంచి షిప్ తప్పినట్టు రాత. ఇవన్నీ ఆ రోజే తీసుకోవాలి. కడప చేరాక అడిగితే ఆ వ్యానువాడు ఫోనెత్తడు.

ఇంకోటి, పై లెక్కలతో నాకు పేచీ ఒక్కచోటే. పోర్ట్ క్లాంగ్‌లో బయటి వ్యాను వద్దనే నేనంటా. గంటా ఇరవై నిమిషాల మిగులు నలుగురు కుర్రోళ్లకు సరిపోతుంది. ఇన్సులిన్ మనిషి, మోకాళ్లోళ్లు, ముగ్గురు పిల్లలు ఉన్న గుంపుకు ఒక్క బాత్రూమ్ ఆగుడే ఇరవై నిమిషాలు.

---

రేవు_లెక్కలు

దీనికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. పిల్లల బాత్రూమ్ నేను లెక్కలో వేయలేదు. వ్యానే అనుకుంటే జంట టవర్లు తీసేసి బటు గుహలు ఒక్కటే పెట్టుకోండి. భోజనం ముగించి 12:45కే అక్కడి నుంచి తిరిగితే 2:15-2:30కి టెర్మినల్ చేరతారు.

---

దేవునికడప_ప్రయాణం

అందరికీ చాలా థ్యాంక్స్. మామతో కూర్చుని తేల్చుకున్నాం. పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ షిప్ టూర్లే, పెనాంగ్‌లో నడక. ట్రావెల్స్ ఆయనకు వ్యాను వద్దని చెప్పేశాం. వీసాలు విప్పి చూస్తే 11లో తొమ్మిది మల్టిపుల్, రెండింటి మీద సింగిల్ అని ఉంది. ఆ రెండూ మోకాళ్లోళ్లవే. రేపు పొద్దున్నే వీసా ఏజెంటు దగ్గరికి పోతున్నాం. దీన్ని మార్పిస్తారా, కొత్తగా పెట్టాలా అన్నది ఎవరికైనా తెలిస్తే రాత్రిలోపు రాయండి.